కాగితం మీది శుక్రవారం

హేమలతకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. మొగుడు ఆదినారాయణ లారీ స్టీరింగు పట్టుకొని, కళ్లు తెరుచుకొనే నిద్రపోతాడని. పద్నాలుగు నెలల హాసినికి జ్వరమొస్తే దానికి మందుంది. దీనికి లేదు.

ఆ శుక్రవారం పొద్దున ఏడింటికి అతను ప్రొద్దుటూరు ఇంటికి చేరాడు. బుధవారం మధ్యాహ్నం పోయినవాడు. ఎర్రగుంట్లలో సిమెంటు ఎత్తి, బెంగళూరులో దించి, ఖాళీ లారీ తోలుకొని తిరిగొచ్చాడు. చెప్పులు విడవకుండానే మంచం మీద వాలాడు. కళ్ల కింద నొప్పుల బాము మందంగా పూసి ఉంది. మంటకు రెప్పలు మూతపడకుండా ఉండటానికి డ్రైవర్లు చేసే పని అది. హాసిని పాక్కుంటూ పోయి నాన్న మొహం మీద మొహం పెట్టి, ఆ ఘాటుకు తుమ్మి, ఏడుపు అందుకుంది. హేమలత బిడ్డను చంకనేసుకొని తడిగుడ్డతో అతని కళ్ల కింద తుడిచింది. అతనికి మెలకువ రాలేదు. కుడికాలు మాత్రం ఉండుండి ముందుకు పోయి ఆగుతోంది. నిద్రలో బ్రేకు తొక్కుతున్నాడు.

తుడిచిన గుడ్డ బూడిదరంగుకు తిరిగింది. సిమెంటు, చెమట, బాము కలిసిన వాసన. ఎన్ని నీళ్లలో జాడించినా పోదు. ఆమె దాన్ని బకెట్లో పడేసి చేతులు మోచేతులదాకా కడుక్కుంది.

గోడ గూట్లో అతని డ్యూటీ కాగితం ఉంది. దాని ప్రకారం అతను నిన్న మధ్యాహ్నం రెండింటికి బండి ఆపి, ఈ పొద్దున ఆరింటిదాకా పడుకున్నాడు. పదహారు గంటలు. ఆ నిద్ర రాసింది హేమలతే. ఈ నెల ఒకటో తేదీనే రాసింది.

డ్రైవరు రోజుకు ఎనిమిది గంటలకు మించి తోలకూడదు. అయిదు గంటలు తోలితే అర్ధగంట ఆగాలి. వారానికొక రోజు సెలవు. చట్టం అదేనని ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నడిపే సుధీరే ఆమెకు చెప్పాడు. ఏడాదిగా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆనాటి డ్యూటీ కాగితం చూపిస్తే తప్ప లోడు ఇవ్వడం లేదు. కాగితం చట్టం ప్రకారం ఉండాలి, బండి చెప్పిన టయానికి బెంగళూరు చేరాలి. ఈ రెండూ ఒకే రోడ్డు మీద కుదరవు. అందుకని సుధీర్‌కు మంచి చేతిరాత కావలసి వచ్చింది. పదో తరగతి సగంలో ఆగిపోయిన హేమలత చదువుకు మిగిలింది ఆ చేతిరాతే.

ఒకటో తేదీన డ్రైవర్లు ఖాళీ పేజీల కింద ముప్ఫై సంతకాలూ ఒక్కసారే పెట్టేస్తారు. పుస్తకాలు సంచిలో ఆమె ఇంటికొస్తాయి. కార్బను పెట్టి నెల మొత్తం నింపుతుంది. పై కాగితాలు చించి ఆఫీసుకు పంపితే, అక్కడ ఏ రోజుది ఆ రోజు డ్రైవరు చేతికిస్తారు. కింది ప్రతులున్న పుస్తకాలను నెలాఖరుదాకా ఇంట్లోనే పెట్టుకోమన్నాడు సుధీర్. ఎందుకో ఆమె అడగలేదు.

అచ్చం క్యాబిన్‌లో కూర్చొని రాసినట్టు ఉండాలంటే ఏం చేయాలో ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది. మూడు రంగుల పెన్నులు. ఒక్కో రోజుకు ఒక్కో వాలు. రెండు మూడు పేజీలకొకసారి తడి టీగ్లాసు అడుగు ముద్ర. బిడ్డకు తలంటిన నూనెచేత్తోనే కాగితం అంచు పట్టుకోవడం. చివరికి అన్నింటినీ ఆది పాత తువ్వాలులో చుట్టి మంచం కింద ఒక పూట పెడితే లారీ వాసన పట్టేది. మొదట్లో ఆ పనితనానికి ఆమెకే ముచ్చటేసింది. ఇప్పుడు తువ్వాలు విప్పేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంటుంది.

సెలవు దినాలు కూడా ఆమె ఇష్టమే. ఆదికి ఆదివారం వేసేది. రెండిళ్ల అవతలుండే రహమాన్‌కు మాత్రం శుక్రవారం. అది అతని భార్య నూరున్నీసా అడిగింది. ఒకరోజు రొట్టెల పిండి పిసుకుతూ, ఈ పుస్తకాల వైపు చూసి నవ్వింది. "నిజంగా ఎట్లా రాడు. కాయితం మిందన్నా శుక్రవారం ఇంటికాడ ఉండనీ మే మా ఆయన్ని" అంది. హేమలత అలాగే రాసింది. శుక్రవారం రహమాన్ బండి ఊరికే నిలబడిందంటే గేటువాళ్లు నమ్మరని, ఆ రోజుకు ఆది కాగితంలో ఆ బండి నంబరు వేసింది. రహమాన్ గురువారం ముద్దనూరులో బండి పెట్టి బస్సెక్కి ఇంటికి పోతాడు, శుక్రవారం ఆరింటికి ఆది వచ్చి దాన్ని అందుకుంటాడు. ఎక్కడా ఒక్క గంట తేడా లేకుండా కుదిరింది. కుదిరినందుకు ఆ రోజు బిడ్డను ఎత్తుకొని ముద్దుపెట్టుకుంది కూడా.

పదిన్నరకు ఆది ఫోను మోగింది. అతను నాలుగు గంటలు కూడా నిద్రపోలేదని ఆమే ఎత్తింది. అవతల సుధీర్. నెమ్మదిగా మాట్లాడే మనిషి, ఆ రోజూ నెమ్మదిగానే చెప్పాడు. తొండూరు మలుపు దగ్గర రహమాన్ బండి రోడ్డు దిగి చీనీ తోటలోకి దూరింది. మనిషి బతికే ఉన్నాడు, పులివెందుల ఆసుపత్రికి తీసుకుపోయారు. లోడు మాత్రం రేపటికల్లా బెంగళూరులో ఉండాలి. ఆదిని లేపి బండి తీసుకొని రమ్మను.

ఆమె మంచం వైపు చూసింది. తనవాడు మంచం మీదున్నాడు. ఒక్క క్షణం ఒళ్లంతా చల్లబడినంత హాయి కలిగింది. ఆ వెంటనే, ఆ హాయి మీద తనకే రోత పుట్టింది. వీధిలో నూరున్నీసా నడిచి వస్తోంది. కొంగుకు పిండి అంటుకొని ఉంది, ఒక కాలికే చెప్పుంది. ఆమెకూ ఎవరో ఫోను చేసినట్టున్నారు.

ఆదిని లేపింది హేమలతే. ఎంత పిలిచినా లేవకపోతే మొహం మీద నీళ్లు చల్లింది. అతను లేచి, విని, జేబులోంచి బాము డబ్బీ తీసి మళ్లీ కళ్ల కింద పూసుకున్నాడు.

*

శనివారం పొద్దున బస్సులో నూరున్నీసాతో పాటు హేమలత కూడా పులివెందులకు పోయింది. బిడ్డను అత్త తిరుపాలమ్మ దగ్గర వదిలింది. ముద్దనూరు దాటాక నూరున్నీసా కిటికీ వైపు జరిగింది. తొండూరు మలుపులో బస్సు నెమ్మదించింది. లారీ ఇంకా తోటలోనే ఉంది, ముందు అద్దం లేకుండా, మూతి నేలకానించి. వంద గజాలు చీనీ చెట్లు బూడిదరంగులో ఉన్నాయి. ఆకుల మీద, కాయల మీద, పాదుల్లో నీళ్ల మీద సిమెంటు. రాత్రి పడ్డ జల్లుకు అది అప్పుడే గట్టిపడుతోంది. తోట రైతు ఒక కాయను గోటితో గీకుతూ నిలబడ్డాడు. బస్సులో ఎవరో, డ్రైవరు నా కొడుకు తాగినాడంట అన్నారు. నూరున్నీసా తిరిగి చూడలేదు.

ఆసుపత్రిలో రహమాన్ కుడికాలును తాడు కట్టి పైకి లాగి, చివర బరువు వేలాడదీశారు. నుదుటి మీద కుట్లు. చెవుల్లో ఇంకా సిమెంటు ఉంది. నూరున్నీసా కూర్చోగానే కొంగు తడిపి చెవులు తుడవడం మొదలుపెట్టింది. అతను మంగళవారం నుంచి బండి దిగలేదని, చెన్నై నుంచి రాగానే మళ్లీ లోడెత్తమన్నారని, కాళ్లు నొప్పిగా ఉన్నాయంటే ఈ ఒక్క ట్రిప్పు పోయిరా మామా అన్నారని, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. తొండూరు మలుపు చూసినట్టు కూడా గుర్తులేదు. కళ్లు తెరిచే ఉన్నాయట.

ఆ మాటకు హేమలత అతని కళ్ల వైపు చూసింది. తన భయం అచ్చంగా ఆ మంచం మీద పడుకొని ఉంది, పేరు మాత్రం వేరు.

పన్నెండు గంటలకు ఒక హెడ్ కానిస్టేబులు వచ్చాడు. వెనకాలే ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గుమాస్తా, చంకలో ప్లాస్టిక్ కవరుతో. గుమాస్తా రహమాన్‌ను ఎట్లుందని అడిగి, సమాధానం రాకముందే కవర్లోంచి రెండు కాగితాలు తీసి కానిస్టేబులుకు ఇచ్చాడు. కానిస్టేబులు వాటిని వెలుతురుకు పట్టి చదివాడు.

"పదకొండో తేదీ గురువారం. మధ్యాహ్నం రెండు గంటలకు ముద్దనూరులో డ్యూటీ దిగినాడు. పన్నెండు, శుక్రవారం. వారపు సెలవు. ప్రొద్దుటూరులో ఇంటి వద్ద విశ్రాంతి." తలెత్తాడు. "సెలవు దినం బండి ఎందుకు తోలినావప్పా?"

రహమాన్‌కు ప్రశ్న అర్థం కాలేదు. గుమాస్తా అతని బదులు చెప్పాడు. బండి ముద్దనూరులో వదిలి ఇంటికి పోవలసిన మనిషి. పొద్దున వేరే డ్రైవరు వచ్చి తీసుకుపోవాలి. ఈయన ఎవరికీ చెప్పకుండా తనే తోలుకుపోయాడు. ఎందుకో ఆయనకే తెలియాలి. ఆఫీసు చెప్పని డ్యూటీకి ఆఫీసు ఎట్లా పూచీ పడుతుంది. వైద్యమైనా, చీనీ చెట్లయినా, బండయినా ఆయన పాట్లే. గుమాస్తా గొంతులో కోపం కూడా లేదు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పాడు.

"సంతకం నీదేనా?" అన్నాడు కానిస్టేబులు.

రహమాన్ చూశాడు. సంతకం అతనిదే.

నూరున్నీసా చెవి తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఆమె చదవగలిగేది తక్కువ. కానీ ఆ రాత ఆమెకు తెలుసు. తన కూతురి నోటుపుస్తకాలకు అట్టలేసి పేరు రాసింది ఆ రాతే. కాగితం మీద టీగ్లాసు అడుగు ముద్ర కూడా ఉంది. ఆ గ్లాసులో ఆమె ఎన్నిసార్లు తాగిందో. ఆమె కాగితాన్ని చూసి, హేమలతను చూసింది. మళ్లీ చెవి తుడవసాగింది.

గుమాస్తా, కానిస్టేబులు పోయాక రహమాన్ పైకప్పు చూస్తూ అన్నాడు. "ఆయమ్మ మంచికే రాసింది నూరూ. నువ్వే గదా అడిగినావు."

హేమలత వరండాలోకి వచ్చి, చేతులు కడుక్కునే తొట్టి మీదికి వంగింది. ఏమీ తినలేదు కాబట్టి పసరు మాత్రమే వచ్చింది.

*

ఆదివారం మధ్యాహ్నం ఆది బెంగళూరు నుంచి వచ్చాడు. స్నానం చేసి, అన్నం కలుపుకొని, ముద్ద ఎత్తకుండా కూర్చున్నాడు. శుక్రవారం తోటలో బస్తాలు మార్చడం గురించి అడక్కుండానే చెప్పాడు. పగిలిన బస్తాల సిమెంటును పారలతో ఎత్తి కొత్త సంచుల్లో నింపారట. రహమాన్ సీటు మీదికి దొర్లిన వాటికి నెత్తురు అంటుకొని గడ్డకట్టి ఉంది. ఆ గడ్డలు ఏరి పారేసి మిగతాది నింపమన్నాడు గుమాస్తా. ఏరింది ఆదే.

"ఎవరింటి గోడకో పోయింటాది" అని, కంచం పక్కకు నెట్టాడు.

హాసిని ఎర్ర ఊలు మేజోడు ఒకటి చేత్తో ఆడిస్తూ అతని ఒళ్లోకి ఎక్కింది. అతను ఆ మేజోడు తీసుకొని జేబులో పెట్టుకున్నాడు. రెండోది ఎక్కడో పోయింది, జత లేదు, క్యాబిన్‌లో అద్దం ముందర కట్టుకుంటానన్నాడు.

సాయంత్రం సుధీర్ వచ్చాడు. ఇస్త్రీ తెల్లచొక్కా, మోటారుసైకిలు మీద ఒక్కడే. బిడ్డకు ఆపిల్‌పండ్లు, బిస్కెట్లు తెచ్చాడు. తిరుపాలమ్మను పెద్దమ్మా అని పలకరించి, మోకాళ్ల నొప్పులకు ఏ నూనె మంచిదో చెప్పాడు. హేమలత కుర్చీ వేసి దూరంగా నిలబడింది. ఆపిల్‌పండ్ల మీద మైనం తళతళలాడుతోంది. వాటిని తాకాలనిపించలేదు.

అతను అసలు విషయానికి మెల్లగా వచ్చాడు. రహమాన్ పాపం మంచోడే. కానీ ఒకడి కోసం ఇరవై బండ్లు ఆగిపోతే ఇరవై ఇళ్లు ఆగిపోతాయి. ఆది చేయవలసింది పెద్ద పనేం కాదు. శుక్రవారం ఆరింటికి ముద్దనూరు పోయినాను, అక్కడ బండి లేదు అని స్టేషన్లో ఒక్క మాట చెబితే చాలు. కాగితంలో ఎట్లాగూ అదే ఉంది. ఉన్నది చెప్పడమే కదా.

ఆది నేల చూస్తూ తలూపాడు. "సరేన్నా" అన్నాడు.

హేమలతకు ఆ మాట చెవిలో పురుగు దూరినట్టుంది.

"ఇంగొకటి" అన్నాడు సుధీర్ లేస్తూ. "అమ్మా హేమా, నీ కాడ కార్బను పుస్తకాలు ఉండాయి గదా. ఇచ్చేయ్, నేను తీసుకపోతా. నీ రాత మాత్రం ఏం రాత, అచ్చు పోసినట్టు ఉంటాది. వచ్చే నెల నుంచి నలభై బండ్లవి నువ్వే రాయల్ల."

ఆమె లోపలికి పోయి ట్రంకుపెట్టె తెరిచింది. నెలాఖరుకు ముందు ఏనాడూ అడగని కార్బను ప్రతులు ఈ రోజెందుకు? వరసగా పేర్చిన ఇరవై పుస్తకాల్లో రహమాన్‌ది పైకి తీసి తెరిచింది. పన్నెండో తేదీ, వారపు సెలవు. అదే. పేజీ తిప్పింది. పదమూడు, డ్యూటీ ఎనిమిది గంటలు. పద్నాలుగు, అంటే ఈ రోజు, డ్యూటీ ఎనిమిది గంటలు. ఇంకా తిప్పింది. ఇరవై ఆరు, శుక్రవారం, ఇంటి వద్ద విశ్రాంతి. ఇరవై ఏడు, ఉదయం ఆరింటికి ఎర్రగుంట్లలో లోడు ఎత్తి, అయిదు గంటలు తోలి, అర్ధగంట ఆగి, మళ్లీ మూడు గంటలు. కింద సంతకం. తాడుకు వేలాడుతున్న కాలుతో రహమాన్ ఇంకా రెండు వారాల పాటు బండి తోలుతూనే ఉన్నాడు. రాని తేదీల్లో. తన చేతిరాతతో.

ఆమె చాలాసేపే నిలబడి ఉండాలి. బయటినుంచి సుధీర్ దగ్గాడు. తిరుపాలమ్మ బిడ్డను ఎత్తుకొని లోపలికి వచ్చి, కోడలి మొహం, చేతిలోని పుస్తకం చూసింది. ముసలామెకు అక్షరం రాదు. హేమలత ఆ పుస్తకాన్ని ఉయ్యాలలో గుడ్డ కింద తోసి, మిగతావి ఒళ్లో పెట్టుకొని బయటికి నడిచింది.

సుధీర్ అట్టల మీద పేర్లు చూసుకుంటూ సంచిలో పెట్టాడు. ఆగి, మళ్లీ మొదటినుంచీ చూశాడు. రహమాన్‌ది యాడుంది అన్నాడు. అదే నెమ్మది గొంతు.

గడపలోంచి తిరుపాలమ్మ మాట వినిపించింది.

"నీళ్ల పొయ్యిలోకి రెండు పుస్తకాలు ఏసినా నాయనా నిన్న. చిత్తు కాయితాలనుకొంటి. దేవుడు సదువియ్యకపాయె, ఏంజేతు."

"రెండా పెద్దమ్మా? ఈడ ఒకటే తగ్గుతాండాది."

"రెండోది ఇంటిదేమోలే. సిలెండరు బిల్లు గావచ్చు."

సుధీర్ ఆమెను కొంచెంసేపు చూసి నవ్వాడు. పొయ్యిలో పోయిందే మేలన్నాడు. మోటారుసైకిలు చప్పుడు సందు చివర దాకా పోయేవరకూ ఎవరూ కదల్లేదు.

తర్వాత హేమలత ఆపిల్‌పండ్ల సంచి ఎత్తి వాకిట్లో ఉన్న బర్రె ముందు గుమ్మరించింది. ఉయ్యాలలోంచి పుస్తకం తీసి ఇరవై ఏడో తేదీ తెరిచి ఆది ముందు పెట్టింది. అతను వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. రెండుసార్లు చదివాడు.

"ఇరవయ్యేడున రహమాను లోడెత్తినాడే" అన్నాడు.

ఆమె నవ్వలేదు. "పోయి చెప్తావా, ముద్దనూరుకు పోయినానని?"

"చెప్పకపోతే బండి దించుతాడు మే. బిడ్డ ఉంది, అమ్మ ఉంది. యాడికి పోదాం?"

"నువ్వు నిద్దర్లో బ్రేకు తొక్కుతాండావు. తెల్సునా నీకు? మంచం మింద. నేను సూస్తాండా దినామూ."

అతను తన కుడికాలు వైపు చూసుకున్నాడు, ఎవరిదో అన్నట్టు. పుస్తకం మూసి, ఆమె చేతికే ఇచ్చాడు. సోమవారం పొద్దున లారీ దగ్గరికి పోయేటప్పుడు గడపలో ఆగి, చెప్పు తొడుక్కుంటూ, తను ఎవరికీ ఏమీ చెప్పనని, ఆమె ఏం చేస్తుందో తనను అడగొద్దని అన్నాడు. అది కోపమో ఒప్పుకోలో ఆమెకు తెలియలేదు.

*

తొండూరు పోలీసు స్టేషను రోడ్డు పక్కనే ఉంది. హేమలత బిడ్డతో బస్సు దిగేటప్పటికి పదకొండు. ఆసుపత్రికి వచ్చిన హెడ్ కానిస్టేబులే టేబులు ముందర కూర్చొని ఏదో రాస్తున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమె పుస్తకం తీసి ఆయన ముందు పెట్టి, పన్నెండో తేదీ చూపించింది. ఇదంతా నాకు ముందే చూపించినారు కదమ్మా అన్నాడు. ఆమె ఇరవై ఏడు తెరిచింది.

ఆయన చదివాడు. గోడ మీది క్యాలెండరు చూశాడు. పదిహేనో తేదీ. మళ్లీ చదివాడు. ముప్ఫైదాకా ఒక్కో పేజీ తిప్పి చూసి, పెన్ను మూత పెట్టాడు.

"రాసిందెవరు?"

"నేనే సార్."

"రాసినదానివి నువ్వేనని నమ్మల్లంటే ఎట్లమ్మా? ఈడ రాయి ఒక వాక్యం."

తెల్లకాగితం జరిపాడు. ఏం రాయాలని అడిగింది. ఆయన కాగితం చూసి చదివాడు. శుక్రవారం, వారపు సెలవు, ఇంటి వద్ద విశ్రాంతి. హాసిని ఒళ్లో కూర్చొని పెన్ను లాక్కోబోతోంది. హేమలత బిడ్డ చేతిని ఎడమచేత్తో పట్టుకొని రాసింది. వందలసార్లు రాసిన మాటలే. కానీ అక్షరాలు వంకర పోయాయి, గీత కిందికి జారింది. ఇట్లా ఎప్పుడూ రాయలేదు. ఇంకొకసారి రాస్తానంది. ఆయన వద్దన్నాడు. 'శ' కింద వంపు చాలన్నాడు.

"నీ మింద గూడా కేసు అయితాదమ్మా. దొంగరాతలు రాసినందుకు."

"తెల్సు సార్."

"నీ మొగుడు అదే ఆఫీసులో తోల్తాండాడు గదా?"

ఆమె తలూపింది. ఆయన కొంచెంసేపు పెన్నుతో టేబులు మీద కొట్టి, ఇంకో నాలుగు తెల్లకాగితాలు ఇచ్చాడు. జరిగింది జరిగినట్టు రాయమన్నాడు. తను కూడా నిన్న పొద్దున వచ్చినవాడేనని, ఇంకా ఇంటికి పోలేదని, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు అని, మొహం కడుక్కోవడానికి లేచిపోయాడు.

ఆమె బెంచి మీద కూర్చొని రాసింది. ఖాళీ పేజీల మీది సంతకాలు, మూడు రంగుల పెన్నులు, టీగ్లాసు, నూనెచెయ్యి, తువ్వాలు. ఆది కాగితంలో రహమాన్ బండి నంబరు వేసిందీ రాసింది. ఆరోజు ఆదినారాయణ ముద్దనూరుకు పోలేదు, ఏడు గంటలకు నా ఇంట్లో పడుకున్నాడు, నేనే మొహం తుడిచాను అని రాసింది. బిడ్డ ఏడిస్తే పాలిచ్చి మళ్లీ రాసింది. నాలుగు కాగితాల మీద కొట్టివేత లేని చోటు ఒక్కటీ లేదు. ఆమె జీవితంలో అంత పాడు రాత రాయలేదు.

గురువారానికల్లా రెండు సంగతులు తెలిశాయి. రహమాన్ చెప్పకుండా బండి తోలుకుపోయాడన్న మాట ఆఫీసు వెనక్కి తీసుకుంది. ఆసుపత్రి చూసుకుంటామని గుమాస్తాతోనే కబురు పంపింది. నూరున్నీసా వచ్చి ఆ మాట చెప్పి, హేమలత చేతిలోంచి చాట లాక్కొని, బియ్యంలో రాళ్లు తనే ఏరింది. పోయేటప్పుడు, రేపు శుక్రవారం ఆయనకు అన్నం నేనే తినిపిస్తా, ఇన్నేండ్లకు, అంది.

రెండోది, ఆదిని బండి దించేశారు. ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల ఆఫీసులన్నిటికీ అతని పేరు చేరిపోయింది. ఏ గేటుకు పోయినా లోపలికి రానివ్వలేదు. బుధవారం ఒక్కరోజు ఇంట్లో పడుకున్నాడు. పద్నాలుగు గంటలు, నిజంగా. కాలు కదల్లేదు. గురువారం మధ్యాహ్నం జమ్మలమడుగులో ఎవరిదో నాపరాళ్ల లారీ దొరికిందన్నాడు. క్వారీల దగ్గర గేటు లేదు, కాగితం అడిగేవాడు లేడు, ఎన్ని గంటలు తోలినావని అడిగేవాడు అసలే లేడు. ఎప్పుడు తిరిగొస్తావంటే యజమాని చెప్పలేదన్నాడు. బాము డబ్బీ, ఎర్ర మేజోడు జేబులో ఉన్నాయో లేదో తడుముకొని పోయాడు.

ఇప్పుడు శనివారం పొద్దున. ఫోను నిన్నటినుంచి ఎత్తడం లేదు. ఇదివరకు గూట్లో ఒక కాగితమన్నా ఉండేది. అతను కదిరిలో ఉన్నాడని, రెండింటికి పడుకున్నాడని చెప్పే అబద్ధం. ఇప్పుడు అది కూడా లేదు. హేమలత గడపలో కూర్చొని, బిడ్డ కాళ్లకు రెండు వేరు వేరు మేజోళ్లు తొడుగుతోంది.

మీరు ముద్దనూరు నుంచి పులివెందుల పోయే దారిలో పోతూ ఉంటే, నాపరాళ్ల లోడుతో ఒక పాత లారీ, అద్దం ముందర చిన్నపిల్ల ఎర్ర ఊలు మేజోడు ఒకటి వేలాడుతూ కనిపిస్తే, దయచేసి ఒక్క నిమిషం ఆగండి. బండి నిలబెట్టి మనిషి సీటు మీద పడుకొని ఉంటే లేపకండి, ఎంతసేపైనా పడుకోనివ్వండి. స్టీరింగు పట్టుకొని, కళ్లు తెరుచుకొని కూర్చొని ఉంటే మాత్రం తలుపు తట్టండి. పలికినా సరే, కిందికి దింపి మొహం కడిగించండి.